మీసాల నాగసుబ్బయ్య మీద ఫిర్యాదు

బేతంచెర్ల,
5-7-2007

హైదరాబాదులో వెబ్‌సైటు పేర్లు నమోదు చేసే తారాపథం సంస్థవారి ఫిర్యాదుల విభాగానికి, అందులో పెద్దవారెవరైతే వారికి,

బండల ఫ్యాక్టరీ నాగసుబ్బయ్య నమస్కరించి రాసే ఉత్తరం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమంగా లేను. ఎందుకంటే నేను ఇద్దరినయ్యాను.

ముప్పై రెండేళ్ళుగా మా ఊరి నాపబండలు కోయించి, పాలిష్ పట్టించి అమ్ముకుంటున్నాను. నిరుడు వెబ్‌సైటు పెట్టాను. పెట్టానంటే, టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేసి నెట్ సెంటర్ తెరిచిన ధనుంజయ పెట్టాడు, నేను పక్కన కుర్చీలో కూర్చొని తల ఊపాను. కంప్యూటర్ గురించి నాకు తెలిసిందల్లా దాని మీద దుమ్ము పడకూడదని. మా ఊళ్ళో దుమ్ము పడని వస్తువును నేనింకా చూడలేదు. అయినా చేయవలసిందేదీ తక్కువ చేయలేదు. స్వాతి నక్షత్రం నాడు అహోబిలం నరసింహస్వామి పటం పక్కన పెట్టి, తెరకు పసుపు కుంకుమ పూశాను. ఆ పసుపును ధనుంజయ వారం రోజులు తుడుచుకున్నాడు. తరువాత ఒకనాడు దిష్టి సంగతి కూడా అతన్నే చూసుకోమని చెప్పి ఇంటికొచ్చాను.

మొన్న మంగళవారం కడప నుంచి రాఘవేంద్రప్రసాద్ అనే రిటైరైన లెక్చరర్ గారు వచ్చి, నీళ్ళిస్తే తాగకుండా మొదలుపెట్టారు. "ఏమప్పా, కంప్యూటర్ చదువు చదివిన మా పాప నెలన్నర కిందట నీ వెబ్‌సైటులో ఆర్డరు పంపించె. పన్నెండు వందల అడుగుల బండలు. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకోని ఉండాం. బండా లేదు, బదులూ లేదు. మట్టినేల మీద పాలు పొంగించుకోమంటావా?"

నాకే ఆర్డరూ రాలేదన్నాను. ఆయన సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. వెబ్‌సైటు పేజీని నలుపు తెలుపులో అచ్చు తీసిన కాగితం. పేరు నాదే. ఊరు నాదే. మా సైటులో మధ్యన నేలంతా పరిచిన బండలు, వాటి మీద ముగ్గు ఉంటాయి. ఇందులో మధ్యన ఎవడో మనిషి ముఖం. ఏం చెప్పమంటారు. ఇంత లావు మీసాలు, మిడిగుడ్లు, అప్పుడే ఎవరినో కొట్టి వచ్చి ఇంకొకరి కోసం చూస్తున్నట్టుంది. అలాంటివాడు నా పేరు పెట్టుకొని నా బేరాలు మింగుతున్నాడు.

నేనే బండలు తోలిస్తానన్నా లెక్చరర్ గారు వినలేదు. "నువ్వూ వీడూ ఒకటి కాదని ఆ పేర్లిచ్చే ఆఫీసువాళ్ళతో కాగితం రాయించుకోని రా. అప్పుడే నీ బండలు మా ఇంట్లోకొచ్చేది. లేకుంటే కడపంతా చెప్తా" అని బస్సెక్కారు. ముప్పై రెండేళ్ళ పేరు, సారూ. దాన్ని పోగొట్టుకుంటే నా దగ్గర మిగిలేది రాళ్ళే.

కాబట్టి వెంటనే మనిషిని పంపి ఆ సైటుకు తాళం వేయించండి. తాళం నేనే ఇస్తాను, ఐదు లీవర్లది. 

ఇట్లు,
నాగసుబ్బయ్య (అసలు)

తా.క. ధనుంజయనే అడగవచ్చు కదా అంటారేమో. అతను కాలు విరిగి కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు. జారి పడింది మా ఫ్యాక్టరీ ముందు పారే పాలిష్ బురదలోనే. ఏ ముఖం పెట్టుకొని పోను.


హైదరాబాదు,
11-7-2007

గౌరవనీయులైన నాగసుబ్బయ్య గారికి,

మీ ఫిర్యాదు అందింది. ఇలాంటి ఇబ్బంది చాలామందికి వస్తోంది. ఒకరి పేరును పోలిన పేరు ఇంకొకరు నమోదు చేసుకొని, పేజీ మొత్తం నకలు తీసి, జనాన్ని నమ్మిస్తారు. అలాంటివాటిని పట్టుకొని తీయించడమే నా ఉద్యోగం. నాలుగేళ్ళుగా అదే పని.

తాళం పంపవద్దు. వెబ్‌సైటు గది కాదు, దానికి తలుపు ఉండదు. జతపరచిన ఫారం నింపి, యాజమాన్యానికి నిదర్శనం, మీ ఫోటో పంపండి. మీ పేరుతో మా దగ్గర రెండు సైట్లున్నాయి. ఒకటి డాట్ కామ్, రెండోది డాట్ నెట్. వాటిలో మీది ఏదో స్పష్టంగా రాయండి. తేలిన తరువాత మీరడిగిన ధ్రువపత్రం ఇస్తాం.

భవదీయురాలు,
అరుణజ్యోతి,
ఫిర్యాదుల విభాగం

తా.క. ఆ ఫోటో నేనూ చూశాను. మీరు రాసినంత ఘోరంగా ఏమీ లేదు. మనిషి కొంచెం కోపిష్టి, అంతే. ఆ ముఖాన్ని నమ్మి ఆర్డరిచ్చిన అమ్మాయిది తప్పంటారా?


బేతంచెర్ల,
16-7-2007

అమ్మా అరుణజ్యోతీ,

పెద్దవారని రాస్తే ఆడకూతురు పలికావు, సంతోషం. ఫారం మా గుమాస్తా నింపాడు, నేను చదివినట్టు తల ఊపాను. ఈ తల ఊపడం ఒకటి నాకు బాగా అలవాటైంది.

యాజమాన్యానికి నిదర్శనం అన్నావు. నాకు తెలిసిన నిదర్శనం బండ. రెండడుగుల బూడిదరంగు బండ ఒకటి లారీ పార్సిల్‌లో పంపుతున్నాను. వెనక మా గుర్తు చెక్కి ఉంటుంది. వేళ్ళతో తడిమి చూడు, ఆ మీసాలవాడు జన్మలో అలాంటి పాలిష్ పట్టలేడు.

ఫోటో లేదు. నేను ఫోటో దిగి ఇరవై ఏళ్ళ పైన అయింది. అప్పుడు నాకు జుట్టూ మీసమూ ఉండేవి. రెండూ అహోబిలంలో మొక్కు కింద ఇచ్చేశాను. జుట్టు దానంతట అదే మళ్ళీ రాలేదు, మీసాన్ని నేను రానివ్వలేదు.

ఇక డాట్ కామా, డాట్ నెట్టా అని అడిగావు. నాకు డాట్లు తెలియవు తల్లీ. నా పేరు మీద నమోదైంది నాది. ఇంకొకడి పేరు మీద ఉన్నది దొంగది. ఇది చెప్పడానికి అంత పెద్ద ఆఫీసెందుకో నాకర్థం కాలేదు.

ఇట్లు,
నాగసుబ్బయ్య

తా.క. తప్పా అని మెల్లగా అడుగుతావేమి? ఆ ముఖం చూసి ఆర్డరిచ్చే ఆడపిల్లకు బుద్ధి ఉందని ఎవరైనా అంటారా. కంప్యూటర్ చదివిందట. ఆమెకు పాఠం చెప్పిన అయ్యవారిని ఒకసారి చూడాలని ఉంది. మా ఆవిడ పుల్లమ్మ చదివింది ఐదో తరగతే. అయినా వంకాయను నాలుగు వైపులా తిప్పి చూసిగానీ కొనదు.


హైదరాబాదు,
21-7-2007

నాగసుబ్బయ్య గారికి,

మీ నిదర్శనం చేరింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి మా మేనేజరు గారి గాజుబల్ల మీద దించారు. ప్రస్తుతం ఆ బల్లకు గాజు లేదు, బండ ఉంది. ఆయనకు బండే నచ్చింది. ఎండాకాలం మోచేతులకు చల్లగా ఉంటుందట.

మీరు రాసిన కొలత ప్రకారమే రికార్డు పరిశీలించాం. రెండు సైట్లలో ఒకటి నాగసుబ్బయ్య, బేతంచెర్ల అని సాక్షాత్తు మీ పేరు మీద, మీ సంతకంతో ఉంది. రెండోది మరొకరి పేరు మీద ఉంది. ఆ రెండోదాన్ని నిన్న సాయంత్రం నాలుగింటికి మూసివేశాం. ఇకపై మీ పేరుతో లోకానికి కనిపించేది మీరొక్కరే. అభినందనలు.

భవదీయురాలు,
అరుణజ్యోతి

తా.క. ఆ అమ్మాయికి బుద్ధి ఉందనే నా అభిప్రాయం. పాఠం చెప్పిన అయ్యవారి జోలికి పోకండి. ఆయన మంచివారు.


బేతంచెర్ల,
27-7-2007

అమ్మా అరుణజ్యోతీ,

ఆశీర్వాదం తరువాత. ముందు నేను ఎంత ఘనకార్యం చేశానో విను.

నీ ఉత్తరం రాగానే ఫ్యాక్టరీలో అందరికీ మైసూరుపాకు పంచాను. లారీ డ్రైవర్ లాజరు రెండు తీసుకున్నాడు. ఆ ఊపులో కడపకు ఫోను చేసి, "సార్, ఇప్పుడు కంప్యూటర్ తెరవండి. దొంగ పోయినాడు. నేనొక్కడినే కనిపిస్తా" అన్నాను. ఆయన ఇంటి దగ్గర నెట్ సెంటరుకు పోయి తెరిచారు. తెరిస్తే ముగ్గూ లేదు, బండలూ లేవు. మీసాలవాడు ఒక్కడే నిలబడి చూస్తున్నాడు. ఆయన మళ్ళీ ఫోను చేసి, "నువ్వు చెప్పింది నిజమే, నువ్వే కనిపిస్తాండావు" అని పెట్టేశారు. శ్రావణం వచ్చేలోపు కాగితం తేకపోతే వేరేచోట బండలు చూసుకుంటారట.

మీరు మూసింది నా సైటమ్మా. దొంగను ఉంచి ఇంటాయన్ని వెళ్ళగొట్టారు. తప్పు నీదని అనను. పేరు చూసి తేల్చమని కొలత ఇచ్చింది నేనే. గజం కర్ర నేనే విరిచి, బట్ట పొట్టయిందని ఏడిస్తే వినేదెవరు.

ఇప్పుడు నాకు కోపం అసలు దారిలో పడింది. వాడు నా సంతకం కూడా పెట్టాడంటే మామూలు దొంగ కాదు. వాడి ఫోటో రంగుల్లో పెద్దదిగా అచ్చు తీసి, ఆ సంతకం కాగితంతో సహా పంపు. సోమవారం పోలీస్ స్టేషనుకు పోయి ఫోటో ఎస్సై గారి చేతిలో పెడతాను. అలాంటి ముఖం వాళ్ళ దగ్గర ముందే ఉండి ఉంటుంది.

ఇట్లు,
ఉన్న ఒక్క సైటూ పోగొట్టుకున్న
నాగసుబ్బయ్య

తా.క. పంచిన మైసూరుపాకు వెనక్కి అడగలేం కదా. లాజరు మాత్రం, "ఇంకో సైటు మూసేది ఎప్పుడన్నా?" అని అడుగుతున్నాడు.


హైదరాబాదు,
31-7-2007

నాగసుబ్బయ్య గారికి,

డాట్ కామ్‌ను తిరిగి తెరిపించాం. ముగ్గుతో సహా క్షేమంగా ఉంది. అడిగిన రంగుల ఫోటో, నమోదు కాగితం నకలు దీనితో పంపుతున్నాను.

ఒక మనవి. మా ఆఫీసు తరఫున కాదు, నా తరఫున. పోలీసులకు చూపించే ముందు ఆ ఫోటో ఒకసారి పుల్లమ్మ గారికి చూపించండి. వంకాయను నాలుగు వైపులా తిప్పి చూసే మనిషి కదా.

భవదీయురాలు,
అరుణజ్యోతి

తా.క. కళ్ళజోడు పెట్టుకొని సంతకం కూడా చూసుకోండి.


బేతంచెర్ల,
6-8-2007

చిరంజీవి అరుణజ్యోతికి,

నాగసుబ్బయ్య సిగ్గుపడి రాసే ఉత్తరం. ఇంతకు ముందు ఉత్తరాలన్నీ ఎవరో మూర్ఖుడు రాశాడనుకో. అనుకోవడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు.

నీ కవరు వచ్చినప్పుడు పుల్లమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. ఫోటో తీసి ముందు పెట్టి, "చూడు, మన కొంప కూల్చినోడు వీడే" అన్నాను. చూసింది. చేతిలోని చెనిక్కాయలు చాటలో పోసింది. "ఏందయ్యా, ఇది నువ్వే కదా. మన పెండ్లయిన మూడేండ్లకు లైసెన్సు కోసమని కర్నూలులో దిగొస్తివి. ఆ పొద్దు స్టూడియో వాడితో కొట్లాడి దిగితివి" అంది. అని నవ్వడం మొదలుపెట్టింది. నేను కళ్ళజోడు వెతుక్కొని పెట్టుకొని చూశాను. నేనే. రంగుల్లో మరీ నేను. నమోదు కాగితం మీది సంతకమూ నాదే, చివర గీత కింద రెండు చుక్కలతో సహా.

ఆడమనిషి నవ్వుకు ఇంట్లో ఉండలేక, సిగ్గు పక్కన పెట్టి, అరడజను అరటిపండ్లు పట్టుకొని కర్నూలు ఆసుపత్రికి పోయాను. ధనుంజయ కాలు పైకి కట్టించుకొని పడుకొని ఉన్నాడు.

"ఆ రెండో సైటు ఏందప్పా?" అన్నాను.

"నువ్వే కదన్నా అడిగింది. సైటును దినానికి నలభై మంది చూస్తాండారని చెప్తే, ఇంతమంది కండ్లు పడితే దిష్టి తగులుతాది, దానికేమన్నా కట్టప్పా అని చెప్పి పోతివి. ఇంటికైతే గుమ్మడికాయ కట్టొచ్చు. సైటుకు యాడ కట్టేది? శానా ఆలోచన చేసి, దాని పక్కనే దిష్టిబొమ్మను నిలబెట్టినా."

"నా పేరు మీద ఎందుకు?"

"ఎవరికి దిష్టి తీస్తాంటే వాళ్ళ పేరే కదన్నా చెప్పేది. మొదటిదానికి నీకు ఈమెయిలు లేకుంటే నా పేరు రాసినా. దిష్టిది మటుకు నీ పేరుతో ఈమెయిలు ఒకటి తెరిచి, నీ పేరు మీదనే చేయించినా. సంతకం నువ్వే పెడితివి, తల ఊపుకుంటా."

"ఆ ఫోటో?"

ధనుంజయ అరటిపండు ఒలుచుకుంటూ నా వైపు చూశాడు. "నువ్విచ్చిన పాత లైసెన్సు ఫైల్లో ఉండె. దానికన్నా భయపెట్టేది నాకు యాడా దొరకలేదన్నా" అన్నాడు.

మొదటి సైటునే నకలు తీసి ముఖం మార్చాడట. ఆర్డరు పంపే కాగితం తీసేయడం మరిచిపోయాడు. అందులో పడిన ఆర్డర్లు ఎవరూ తెరవని ఆ ఈమెయిలుకు పోయాయి. దిష్టిబొమ్మకు ఆర్డరిచ్చేవాళ్ళు ఉంటారని అతను మాత్రం ఎలా అనుకుంటాడు.

ఇప్పుడు వాడూ నేనూ ఒకటి కాదని నువ్వు కాగితం రాయలేవు, నేను అడగలేను. నా మీద నేనే ఫిర్యాదు చేసి, నన్ను నేనే రౌడీ అని మూడు ఉత్తరాలు రాశాను. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. రేపు పన్నెండు వందల అడుగుల బండలు ఎత్తించి, లాజరు పక్కన నేనే లారీలో కూర్చొని కడపకు పోతాను. లెక్చరర్ గారి గడప ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెబుతాను. బండలు దించమంటే దించుతాను. తిడితే తిట్లు ఎత్తుకొని వస్తాను. పేరు నిలిస్తే నిజంతోనే నిలవాలి, లేకపోతే పోనీ.

నువ్వు మాత్రం ఆ డాట్ నెట్‌ను తీసేయి తల్లీ. ఈసారి కొలత తప్పు కాదు. మీసాలు ఉన్నది తీసేయి.

ఇట్లు,
నాగసుబ్బయ్య (ఇద్దరూ)

తా.క. ఆర్డరిచ్చిన ఆ పాపకు బుద్ధి లేదని, ఆమె ముఖమైనా చూడకుండా నీకు రాశాను. మనసులో గుచ్చుతోంది. కడపలో కనిపిస్తే క్షమించమని అడుగుతాను.


కడప,
26-8-2007

పెదనాయన గారికి,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. సెలవు పెట్టి మా ఇంటికి వచ్చి, మా ఇంట్లో నేల మీద కూర్చొని రాస్తున్నాను. నేల చల్లగా ఉంది. మీరు పరిపించిన బండలే.

మీరు ఆ రోజు ఇక్కడికి వచ్చి ఆ పాప ఏదని అడిగారట. ఊళ్ళో లేదు, హైదరాబాదులో ఉద్యోగమని మా నాయన చెప్పారట. ఏ ఉద్యోగమో మీరు అడగలేదు. నేను చెప్పవద్దన్నానని ఆయనా చెప్పలేదు. ఆ బుద్ధి లేని పాపను నేనే. పాఠం చెప్పిన అయ్యవారు కూడా ఆయనే. ఇంట్లో లెక్కలు ఆయనే నేర్పారు.

నాలుగేళ్ళుగా దొంగసైట్లు పట్టే మనిషిని, మా ఇంటి బండలకు దిష్టిబొమ్మ దగ్గర ఆర్డరిచ్చాను. మీ మొదటి ఉత్తరం తెరిచి అందులో మా నాయనను చూసినప్పుడు నా కుర్చీ కింద భూమి తిరిగింది. ఈ సంగతి ఆఫీసులో తెలిస్తే నా బల్ల మీద కూడా ఒక బండ పెట్టేవాళ్ళు. రికార్డులో ఆ సైటు మీ పేరు మీదే కనిపించగానే నేను మోసపోలేదని ఎంత పొంగిపోయానంటే, ఇంకేమీ ఆలోచించకుండా రెండోదాన్ని మూయించేశాను. మీరు కాగితం చదవకుండా తల ఊపారు, నేను చదివి కూడా ఊపాను.

అయితే ఆ ముఖాన్ని ఎందుకు నమ్మానో మీకు చెప్పాలి. నేను చూసిన దొంగసైట్లన్నిటిలో నవ్వే ముఖాలే ఉంటాయి. తెల్లటి పలువరుస, టై, చేయి కలుపుతున్న బొమ్మ. మీవి రెండూ పక్కపక్కన తెరిచి చూశాను. ఒకదానిలో అందమైన ముగ్గు. ఇంకొకదానిలో ఎవరినీ మెప్పించే ఉద్దేశం ఏ కోశానా లేని మనిషి. మోసం చేసేవాడు ఎవడూ తనంతట తాను ఆ ఫోటో పెట్టుకోడు అనుకున్నాను. బండలు తలమీద పెట్టుకొని వచ్చి, అడగకుండానే తప్పు ఒప్పుకున్న మనిషి వాడే అని తేలింది కదా. కాబట్టి నాకు బుద్ధి ఉందనే ఇప్పటికీ అంటాను.

గృహప్రవేశం బాగా జరిగింది. పాలు పొంగి బండ మీద పడితే మచ్చ కూడా అంటలేదు. మా నాయన వచ్చినవాళ్ళందరికీ, "బేతంచెర్ల నాగసుబ్బయ్య అని ఉండాడు, ఆయన దగ్గరనే తీసుకోండి" అని చెబుతున్నారు. మీరు అడిగిన కాగితం ఆఫీసు ఇవ్వలేకపోయింది. ఆయన నోటిమాటగా ఇస్తున్నారు.

ఆర్డరు కాగితం మాత్రం తీసేయించి, డాట్ నెట్‌ను ఉంచేశాను. సొంత దిష్టిబొమ్మ మీద ఇచ్చిన ఫిర్యాదును ఏ నిబంధన కింద తీసుకోవాలో మా సంస్థలో ఎవరికీ తెలియలేదు.

పెద్దమ్మకు నా నమస్కారాలు.

మీ కడప పాప,
అరుణజ్యోతి

తా.క. మీకు పంపిన రంగుల ఫోటో ఇంకొక కాపీ నా దగ్గర ఉండింది. మా నాయన దానికి ఫ్రేము కట్టించి ఇంటి ముందు గుమ్మడికాయ పక్కన తగిలించారు. రెండు రోజులకు గుమ్మడికాయ కుళ్ళింది, తీసేశాం. మీరు మాత్రం ఉన్నారు.